యంత్రలిఖితమునకు ప్రమాణమేది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



జనగామ మార్కెట్టు యార్డులో ధాన్యపు రాసుల నడుమనైనను, మహబూబాబాదు స్టేషనులో రైలుకొరకు వేచియున్నవారి యందైనను, భూపాలపల్లి గనులలో షిఫ్టు దిగివచ్చిన కార్మికులు చాయ త్రాగుచోటనైనను నేడు రెండు మాటలు తరచుగా వినవచ్చుచున్నవి. "ఆన్‌లైన్ల ఎక్కింది, ఇగ ఢోకా లేదు" అనునది మొదటిది. "గదంత ఫోన్ల ముచ్చట, ఉత్తదే" అనునది రెండవది. ఈ రెండును ఒక్క నోటినుండియే, ఒక్క దినముననే వచ్చుట కలదు. పట్టాలో పేరు తెరమీద కనబడిన ఉదయమున మొదటి మాట. కనబడకపోయిన సాయంకాలమున రెండవ మాట. భక్తియు తొందరపాటే, ద్వేషమును తొందరపాటే. తెరమీది అక్షరమును ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, తప్పైనచో ఎవరు దిద్దుదురు అని యడిగిన తరువాత గాని నమ్మకమునకైనను నిరాకరణకైనను చోటు లేదు.

ఇట్లడుగుట క్రొత్త సంగతి కాదు. వివాదము పుట్టినప్పుడు లిఖితము, భుక్తి, సాక్షి అను మూడు ప్రమాణములను యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. లిఖితమనగా పత్రము. భుక్తి యనగా అనుభవము. భూమి విషయమున దున్నుట, విత్తుట, కోయుట. సాక్షి యనగా కన్నులార చూచినవాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య రచింపగా, 13వ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. ఈ మూడును దొరకనప్పుడు మాత్రమే నిప్పు, నీరు, విషము, త్రాసు మొదలగు దివ్యములు. నేడు మీసేవా కేంద్రమున "సర్వరు డౌను" అను మాట విని, మరునాడును, ఆ మరునాడును వచ్చి నిలువబడుట ఈ దివ్యములలో దేనిక్రిందికి వచ్చునో పండితులే నిర్ణయింపవలెను.

పత్రమెట్లుండవలెనో కూడ ఆ స్మృతియే విధించినది. సంవత్సరము, మాసము, పక్షము, తిథి యుండవలెను. ఇచ్చువాని పేరు, పుచ్చుకొనువాని పేరు, వారి తండ్రుల పేర్లు ఉండవలెను. సాక్షులు తమ తమ తండ్రుల పేర్లతో సహా తమ చేతితోనే వ్రాయవలెను. చిట్టచివర లేఖకుడు ఉభయుల కోరికపై తాను వ్రాసినట్లు తన పేరును, తండ్రి పేరును చెప్పి ముగింపవలెను. తన చేత తాను వ్రాసిన పత్రమునకు సాక్షులు లేకున్నను చెల్లును. అయితే బలాత్కారముచేతనో వంచనచేతనో వ్రాయించినది చెల్లదు. ఇన్ని నిబంధనలలో ముఖ్యమైనది లేఖకుని పేరు. వ్రాసినవాడు దాగియుండరాదు.

పత్రమున్నంత మాత్రమున సత్యమున్నట్లు కాదని జనగామ ప్రాంతమునకు ఎవరును నేర్పనక్కరలేదు. 1940 దశకమున పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలునకు తీసికొని సాగుచేయుచుండిన భూమిని విసునూరు దేశ్‌ముఖు పట్వారీ సహాయముతో తనదిగా వ్రాయించుకొని, పంటను కోయించుకొనిపోవుటకు మనుష్యులను పంపెను. కాగితము దేశ్‌ముఖు పక్షమున నుండెను. భుక్తియు, చూచిన జనమును ఐలమ్మ పక్షమున నుండిరి. పంట ఆమె యింటికే చేరెను. న్యాయస్థానమునను ఆమెయే గెలిచెను. కాబట్టి అసత్యము కంప్యూటరుతోడనే లెక్కలలోనికి వచ్చినదనుట సరికాదు. అది కలముతోనే వచ్చినది. లెక్క వ్రాయు వృత్తిలోనివారు ఈ చరిత్రను దాచుట తగదు.

అయినను ఆ పాత లెక్కలలో ఒక మేలు కలదు. పహాణీలో పట్టాదారు పేరునకు ఒక కాలము, అనుభవదారు పేరునకు మరియొక కాలము ఉండెడివి. లిఖితము, భుక్తి ప్రక్కప్రక్కనే నిలిచియుండెడివి. రెండు పేర్లు వేరైనచో ఇక్కడ అడుగవలసిన సంగతి యొకటి యున్నదని ఆ పుటయే చెప్పెడిది. పటేలు పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినను ఈ రెండు కాలములు మిగిలెను.

ఇక యంత్రము సంగతి. ప్రోగ్రామనగానే అది మానవాతీతమైన విద్య యని భయపడు పెద్దలును, అందు తప్పుండదని వాదించు యువకులును కలరు. 11వ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అట్టి గణిత గ్రంథములందు సూత్రము చెప్పుపద్ధతి యేమి? ఇంతను ఇంతచే గుణింపుము, వచ్చినదానిని ఇంతచే భాగింపుము, మిగిలినదానిని దీనితో కూడుము అని వరుసగా ఆజ్ఞలు. ప్రోగ్రాము కూడ ఇట్టి ఆజ్ఞల వరుసయే. భేదమేమనగా, మల్లన గ్రంథము చదువు శిష్యునకు బుద్ధి కలదు; లెక్క వింతగా వచ్చినచో గురువునడుగును. యంత్రము అడుగదు.

ఒక చిన్న ఉదాహరణము చాలును. తెలంగాణపు లెక్కలలో ఎకరముల అంకె తరువాత చుక్క పెట్టి గుంటలు వ్రాయుట వాడుక. 2.20 అని వ్రాసినచో రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర యెకరములు. ఇదే అంకెను దశాంశముగా చదివినచో రెండెకరములును, ఎకరములో పదింట రెండు వంతులును, అనగా రెండెకరముల 8 గుంటలు. చుక్కను చదువుటలోనే 12 గుంటలు పోయెను. గుంటకు 121 చదరపు గజముల చొప్పున అది 1,452 చదరపు గజములు. మరియు 1.30ని 1.30తో కూడినచో దశాంశము 2.60 అనును, రైతు మూడెకరముల ఇరువది గుంటలనును. నలుబది గుంటలకు ఎకరమని అక్షరము రానివాడును ఎరుగును. యంత్రమునకు ఆ సంగతి ఎవరో చెప్పవలెను. చెప్పవలసినవాడు మరచినచో యంత్రము సందేహింపదు, సిగ్గుపడదు. తడబాటు లేక ఆ తప్పునే లక్షసార్లు చేయును. కూడికలో కంప్యూటరు పొరబడదను నమ్మకము చాలవరకు సరియైనదే. ఏ కూడిక చేయవలెనో నిర్ణయించినవాడు మాత్రము మనుష్యుడు, అతడు ఈ ఊరివాడు కాకపోవచ్చును.

ఇది ఊహ మాత్రమే యనువారు బ్రిటను దేశపు తపాలాశాఖ కథ వినవలెను. అచ్చట 1999 నుండి చిన్న ఊళ్ల తపాలా కార్యాలయములలో హొరైజన్ అను లెక్కల ప్రోగ్రామును ప్రవేశపెట్టిరి. తయారుచేసినది ఫుజిత్సు సంస్థ. సాయంకాలము పెట్టె లెక్కించినచో సొమ్ము సరిపోవదు; తెరమీద వేల పౌనుల లోటు. పోస్టుమాస్టర్లు మొరపెట్టుకొనిరి. లోటు మీకొక్కరికే వచ్చుచున్నదని తమకు చెప్పిరని వారిలో అనేకులు తరువాత తెలిపిరి. కంప్యూటరు సరిగా పనిచేయుచున్నదనియే అక్కడి న్యాయస్థానములు మొదట భావించును. 1999కిని 2015కిని నడుమ 900 మందికి పైగా దొంగతనము, తప్పుడు లెక్కల నేరములక్రింద శిక్షింపబడిరి. కొందరు చెరసాలకు పోయిరి, కొందరు ఇండ్లమ్ముకొనిరి, దశాబ్దములుగా తమ్మెరిగిన ఊరిలోనే దొంగలనిపించుకొనిరి. ప్రోగ్రాములో లోపములున్నవని 2019లో హైకోర్టు తీర్పు చెప్పెను. 2024లో అక్కడి పార్లమెంటు ప్రత్యేక శాసనముచేత ఆ శిక్షలను కొట్టివేసెను. అప్పటికి కొందరు జీవించియే లేరు. లిఖితమును నమ్మి సాక్షిని త్రోసివేసినందుకు చెల్లించిన మూల్యమది.

భారతదేశమున ఈ విషయమై చట్టము కొంత జాగరూకత చూపినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము యంత్రమునుండి తీసిన లెక్కను న్యాయస్థానమునకు సమర్పించునప్పుడు ఒక ధ్రువపత్రము జతచేయవలెను. ఆ యంత్రము ఎవరి అధీనమున నుండెనో వారు సంతకము చేయవలెను; నిపుణుడును చేయవలెను. హాష్ అను ఒక సంఖ్యను కూడ అందు వ్రాయవలెను. అది ముద్రవంటిది, పత్రమున ఒక్క అక్షరము మార్చినను ఆ సంఖ్య మారిపోవును. స్మృతికారుడు పత్రము చివర లేఖకుని పేరు కోరుటకును, ఈ సెక్షను సంతకము కోరుటకును మధ్య వేయి సంవత్సరములకు పైబడిన దూరము కలదు గాని, భేదమంతగా లేదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వత్తము. 2017 సెప్టెంబరు 15న తెలంగాణమున భూరికార్డుల ప్రక్షాళన మొదలయ్యెను. 2018 మే 10న రైతుబంధు ప్రారంభమై, ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పాసుపుస్తకమున పేరున్నవానికి చేరసాగెను. ఆనాటినుండి పేరు వేరు, పొలము వేరు కాదు, పేరే సొమ్మయ్యెను. 2020లో క్రొత్త చట్టము వచ్చెను, గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యెను, అక్టోబరు 29న ధరణి ప్రారంభమయ్యెను.

న్యాయము చెప్పవలెనన్నచో ధరణివలన మేలు జరుగలేదనరాదు. పూర్వము రిజిస్ట్రేషను ఒకచోట, మ్యుటేషను మరియొకచోట. నడుమ నెలలు గడచుట, చేయి తడుపుట. ఆ రెండును ధరణిలో తహసీల్దారు కార్యాలయమున ఒక్క దినమున ముగిసెను. ఏ చిక్కును లేని పట్టా గలవాడు ఉదయము పోయి మధ్యాహ్నమునకు పత్రముతో ఇల్లు చేరెను. అట్టివాడు "ఢోకా లేదు" అనుట సహజము.

చిక్కు గలవాని గతి వేరు. 2017 నాటి తొందరలో కొందరి పేర్లు తప్పుగా ఎక్కెను, కొందరి గుంటలు తగ్గెను, కొందరి సర్వే నంబరే తెరమీద లేకపోయెను. వివాదమున్నదనిన భూములను పార్టు-బీ యను పేర ప్రక్కకు పెట్టిరి; వారికి పాసుపుస్తకము రాలేదు. ఒక నంబరులో కొంత భాగము ప్రభుత్వ భూమియైనచో నంబరంతయు నిషేధిత జాబితాలో పడిన సందర్భములు కలవు. ఇక తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామాలు ఉండనే యున్నవి. రిజిస్ట్రేషను ఖర్చు భరింపలేని చిన్న రైతులు నమ్మకముపై వ్రాసికొన్న పత్రములవి. 2020లో క్రమబద్ధీకరణకై వచ్చిన దరఖాస్తులే దాదాపు 9 లక్షలు. ఆ పొలమును ముప్పది యేండ్లుగా దున్నుచున్నవాడొకడు, తెరమీద పేరున్నవాడు మరియొకడు. రైతుబంధు ఎవరికి చేరెనో చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె పెద్ద మార్పు కంటికి కనబడనిది. క్రొత్త లెక్కలో అనుభవదారు కాలము తీసివేయబడెను. మూడు ప్రమాణములలో భుక్తి పోయెను. గ్రామమున ఉండి ఎవరి పొలము ఎవరు దున్నుచున్నారో చూచు ఉద్యోగి లేకపోవుటతో సాక్షియు పోయెను. మిగిలినది లిఖితమొక్కటే. దానిని దిద్దు అధికారము తహసీల్దారునకు లేక, జిల్లా కేంద్రమున కలెక్టరు వరకు పోవలసివచ్చెను. అచ్చట కానిది సివిలు కోర్టున. తాండానుండి బయలుదేరిన రైతు మహబూబాబాదు కలెక్టరేటు మెట్లెక్కి, దరఖాస్తుకు ఏ మాడ్యూలు ఎన్నుకొనవలెనో తెలియక, కంప్యూటరు ముందున్న కుర్రవానికి రుసుము చెల్లించి, తప్పు మాడ్యూలులో వేసినందున తిరస్కరింపబడి మరల వచ్చుట ఎన్ని ఊళ్లు చూడలేదు? కర్ణములు, పట్వారీలు చేసిన అన్యాయమునకు విరుగుడుగా మనుష్యుని తీసివేయవలెనను ఆలోచన పుట్టినది. అన్యాయము చేయు చేతితోపాటు తప్పు దిద్దు చేయియు పోయినది. లోపము యంత్రమున లేదు. యంత్రము తనకిచ్చినదానిని పోగొట్టక దాచినది. తప్పును కూడ అంత భద్రముగనే దాచినది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చెను. దిద్దు అధికారమును అంచెలుగా పంచుట, అప్పీలునకు చోటిచ్చుట, భూమి పటమును పత్రముతో జతచేయుట అందలి విశేషములు. ఆ యేడాది సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులను నియమించిరి. అనగా ఊరిలో మరల ఒక మనుష్యుని నిలిపిరి. అయితే చట్టము మారినంతలో 2017లో తప్పుగా ఎక్కిన పేరు తనంతట మారదు. రైతు దరఖాస్తు వ్రాయవలెను, పాత పహాణీ నకలు జతచేయవలెను, రసీదు దాచుకొనవలెను.

భూమి లెక్కకైనను లేఖకుడున్నాడు. తహసీల్దారు డిజిటలు సంతకము కలదు. చేతి ఫోనులో వచ్చు వార్తకు అదియును లేదు. 2018 మే మాసమున పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను సందేశములు తెలంగాణమంతట వ్యాపించెను. జనగామకు పొరుగుననున్న యాదాద్రి భువనగిరి జిల్లా బీబీనగరు మండలమున ఒకనిని, నిజామాబాదు జిల్లా భీమగల్లు మండలమున మరియొకనిని జనులు కొట్టి చంపిరి. ఏ పిల్లయు పోలేదు. ఆ కాలముననే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను గ్రామములకు పంపి, జానపద గాయకులచేత పాటలు కట్టించి, వచ్చిన సందేశమునెల్ల నమ్మరాదని చెప్పించెను. ఫోనులో వచ్చినదానికి విరుగుడు మనుష్యుడే వచ్చి ముఖాముఖిగా చెప్పుట యని ఆమె గ్రహించెను. వాట్సాపువారు ఆ జూలైలో భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండ కట్టడి చేసిరి. పరులు పంపినదానికి "ఫార్వర్డెడ్" అను ముద్ర వేసిరి. ఆ ముద్ర సందేశము దూరమునుండి వచ్చినదని చెప్పును గాని, కర్తను చెప్పదు.

తేది లేని వార్త మరియొక చిక్కు. రామప్ప దేవాలయము ఏ జిల్లాలోనిదని కంప్యూటరు నడిగినచో మూడు సమాధానములు దొరకును. వరంగల్లు జిల్లా యని ఒక పుట, జయశంకర్ భూపాలపల్లి జిల్లా యని మరియొకటి, ములుగు జిల్లా యని వేరొకటి. మూడును అసత్యములు కావు. 2016 అక్టోబరు 11కు పూర్వము మొదటిది, 2019 ఫిబ్రవరి 17 వరకు రెండవది, పిదప మూడవది సత్యము. ఆ దేవాలయపు శాసనము వ్రాయించినవారు శకవర్షము 1135 అని చెక్కించిరి గనుకనే అది క్రీ.శ. 1213 నాటిదని నేడు తెలియుచున్నది. రాతిపై అంకె చెక్కించుటకు శ్రమపడినవారు మరువని తేదిని, అక్షరమునకు ఖర్చే లేని తెరమీద వ్రాయువారు మరచుచున్నారు.

ఇటీవల ప్రశ్న వేసినంతనే తెలుగున వాక్యములల్లి చెప్పు యంత్రములు వచ్చినవి. అవి చేయు మేలు కొంచెము కాదు. దరఖాస్తు వ్రాయుటకు, ఆంగ్లపు ఉత్తరువు అర్థము చేసికొనుటకు పనికివచ్చును. కాని పోతన పద్యమొకటి చెప్పుమన్నచో, భాగవతమున లేని పద్యమును పోతన పేర చెప్పగలవు. ఛందస్సు కూడ కుంటుచుండును, అది వేరు సంగతి. చాటువులను శ్రీనాథునకో రామకృష్ణునకో అంటగట్టు అలవాటు తెలుగువారికి పూర్వమునుండియు కలదు గనుక యంత్రమునొక్కదానినే నిందింపరాదు. అయితే ఈ జనగామ జిల్లా బమ్మెర గ్రామమునకు చెందిన పోతన భాగవతమే ఇందుకు మంచి పాఠము. శిథిలమైన భాగములను ఇతరులు పూరించిరి: పంచమ స్కంధమును గంగన, షష్ఠమును సింగన, ఏకాదశ ద్వాదశములను నారయ. ఎవరును పోతన పేరు వెనుక దాగలేదు. స్కంధము చివరి గద్యమున తమ పేర్లు చెప్పికొనిరి. అందుచేత ఏది ఎవరిదో నేటికిని స్పష్టము. ఆ కవి యోరుగంటివాడా, ఒంటిమిట్టవాడా యని పండితులు దీర్ఘకాలము వాదించినప్పుడు కూడ, ఆధారము ఫలానా గ్రంథమున, ఫలానా పద్యమున నున్నదని చూపి వాదించిరి. విన్నవాడు పోయి పుస్తకము తెరచి చూచుకొనుటకు వీలుండెను.

అట్లు తెరచి చూచుకొను చోటు గ్రంథాలయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము స్థాపించినవారు పుస్తకమునకు నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, ఎవరు తీసికొనిరో వ్రాసి, తిరిగి వచ్చినది చూచుకొను పద్ధతిని నేర్పిరి. పుస్తకమునందు కర్త పేరు, ముద్రణాలయము పేరు, సంవత్సరము మొదటి పుటలలోనే కనబడును. అందు అసత్యముండదని కాదు. అసత్యమైనచో ఎవరినడుగవలెనో తెలియును.

ఈ గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక విన్నపము. గ్రామ పటము ప్రతి యొకటి, దొరికినంతవరకు పాత పహాణీల నకళ్లు, 1954–55 నాటి కాస్రా పహాణీ నకలు సంపాదించి, బైండు చేయించి బీరువాలో నుంచవలెను. భూభారతి దరఖాస్తునకు ఆధారము వెదకు రైతు వరంగల్లుకు పోనక్కరలేకుండ ఇక్కడనే చూచుకొనును. అంతకంటె పాతవగు సేత్వారులు నిజాము కాలపు ఉర్దూలో నున్నవి. వాటిని చదువగలవారు ఏటేట తగ్గుచున్నారు. యంత్రము ఆ గొలుసుకట్టు వ్రాతను చదివి చెప్పగలదేమో గాని, చదివినది సరియో కాదో చూచుటకు ఊరిలో ఒక్కరికైనను ఆ లిపి రావలెను. కావున వచ్చు సంవత్సరపు పుస్తకముల పట్టికలో ఉర్దూ ప్రథమ వాచకములు నాలుగైదు చేర్చి, సాయంకాలము ఒక గంట ఆ అక్షరములు నేర్పువానిని కుదుర్చుకొందురుగాక.